మీసాల చేపలకు అమాస వాయిదా

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడు, శెనక్కాయలు పీకే కాలంలో, మా ఇంటికి రెండు చేపలు వచ్చాయి, ఒక పిల్ల వచ్చింది. చేపలు ముందు వచ్చాయి కాబట్టి వాటి సంగతే ముందు చెబుతాను.

మా మామ హుమాయున్ సాయబు ఎద్దుల బేరగాడు. ప్రొద్దుటూరులో జమ్మలమడుగు రోడ్డు పక్కన మా ఇల్లు. ముందువైపు కొట్టం, వెనక మేము. పులివెందుల సంతలో కొన్న ఎద్దులు మా కొట్టంలో నాలుగు దినాలు నిలబడి, ఎవరో ఒకరి వెంట వెళ్ళిపోయేవి. కాపురానికి వచ్చిన కొత్తలో నేను వాటికి పేర్లు పెట్టేదాన్ని. తరువాత మానేశాను. నాకు మొదటి నుంచీ అదొక జబ్బు. ఇంట్లో ఎవరైనా చెప్పులు తొడుక్కుంటున్నా, సంచి సర్దుతున్నా నాకు చేతులు చల్లబడతాయి. ఇప్పటికీ అంతే. ఏదో ఒక పని పెట్టుకుని పెరట్లోకి పోతాను.

పశువుల డాక్టరు పార్థసారథి గారు అరవాయన. రాష్ట్రం విడిపోతుందని తెలియగానే మద్రాసు వైపే ఉద్యోగం కోరుకున్నారు. ఆయన ఇంట్లో ఒక అద్దాల తొట్టి ఉండేది. మద్రాసు నుంచి తెచ్చిన ఎర్రచేపలు మా ఊరి ఉప్పునీళ్ళకు ఒకటొకటిగా చచ్చిపోతే, ఎవరో పెన్న మడుగులో పట్టిన మీసాల చేపల్ని రెండింటిని తెచ్చి అందులో వేశారట. అవి వచ్చి కుదురుకోక ముందే ఈయనకు ప్రయాణం వచ్చింది. సామాన్లు లారీకెక్కించే రోజు మా మామను పిలిచి తొట్టి అప్పజెప్పారు.

మామ దాన్ని ఎద్దులబండిలో వరిగడ్డి పరిచి తెచ్చాడు. చేపలు ఇత్తడి బిందెలో ఉన్నాయి. బిందె మూతికి తడిగుడ్డ కట్టి ఉంది.

మా అత్త ఖమర్‌బీ కొట్టం ముందర నిలబడి, "ఏందయ్యా ఇది?" అంది.

"చేపలు."

"కూరకు చాలవు గదా."

"కూర మాటెత్తొద్దు. బిడ్డల్ని ఇచ్చినట్ల ఇచ్చినాడు మహానుభావుడు. ఆయన పెండ్లాం ఏడుస్తాంది."

"చేపల కోసమా?"

"ఏమో. దేనికోసమో. ఊరు ఇడిసిపెట్టేటప్పుడు ఏదో ఒకదాన్ని చూసి ఏడుస్తారు గదా."

"ఇంట్లో మనుషులు కూచునేదానికి చోటు లేదు, చేపలకు అద్దాల మేడ," అని అత్త గొణుక్కుంటూనే పడసాలలో గోడవారన చోటు చేసింది. మామ బావి నీళ్ళు తోడి తొట్టి నిండా పోసి, బిందె వంచాడు.

అవి జానెడు కంటే కొంచెం పొడుగు. తడిసిన పొగాకు కాడ రంగు. పొలుసుల్లేని నున్నటి ఒళ్ళు, మూతి చుట్టూ మీసాలు. నీళ్ళలో పడగానే ఈ మూల నుంచి ఆ మూలకు దూసుకుపోయి అద్దానికి ముక్కులు కొట్టుకున్నాయి. తరువాత ఒకటి మూలకు పోయి మా వైపు తోక పెట్టి నిలబడిపోయింది. రెండోది అడుగున పక్కకు ఒరిగి పడుకుంది. నూకలు వేస్తే ముట్టలేదు.

"సచ్చిపోతాదేమో మామా," అన్నాను.

"సావదు. కొత్త ఎద్దు గూడా ఇట్లే చేస్తాది. గోడ తట్టు మొగం పెట్టి నిలబడిందంటే పాత కొట్టం గుర్తొస్తాందని. చెవులు ఎనక్కి పెట్టిందంటే మన మీద నమ్మకం లేదని."

"దీనికి చెవులు యాడుండాయి?"

"మీసాలుండాయి గదమ్మే. ఎనక్కి పెట్టిందో లేదో చూడు."

వంగి చూశాను. నిజంగానే వెనక్కి పెట్టింది.

ఎద్దుల బేరంలో ఒక పద్ధతి ఉంది. కొన్న ఎద్దు కొత్త కొట్టంలో కుదరకపోతే, రాబోయే అమావాస్య లోపల వెనక్కి తోలుకుపోవచ్చు. అమ్మినవాడు మారుమాట లేకుండా తీసుకోవాలి. దాన్ని అమాస వాయిదా అంటారు. అమావాస్య దాటిందంటే ఎద్దు కొన్నవాడిదే, మంచైనా చెడైనా. ఆ మధ్యకాలంలో ఎద్దును కొట్టకూడదు, పొగడకూడదు, ఊరికే చూస్తుండాలి అనేవాడు మామ. చూడటంలో ఆయనకు మంచి పేరుంది. జమ్మలమడుగు వైపు రైతులు కూడా ఆయన చూసి చెప్పందే ఎద్దును కొనేవాళ్ళు కాదు.

"డాక్టరు ఊరు దాటిపాయ. ఎనక్కి యాడికి తోల్తావు?" అంది అత్త.

"కుదరకుంటే పెన్నలో ఇడిసి వస్తా. అమాస దాకా చూద్దాం."

రాబోయేది దీపావళి అమావాస్య.

*

కొద్ది రోజులకు మా బావ నూరుల్లా పులివెందుల నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని బస్సు దిగాడు. మా అక్క ఆ ఎండాకాలంలో జమ్మలమడుగులో, మా పుట్టింట్లో, రెండో కాన్పులో బిడ్డతో సహా పోయింది. ఆయన పరుపులు కుట్టేవాడు. కనుబొమల్లో ఎప్పుడూ దూది ఉండేది. ఈమధ్యనే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. దాన్ని ఎవరమూ తప్పు పట్టలేదు. పిల్ల షాహీదాకు ఆరేళ్ళుంటాయి. నాకు పెళ్ళయి అన్నేళ్ళే అయింది. పిల్లలు లేరు.

పిల్ల మా ఇంట్లో ఉండిపోతే బాగుండునని నేను ఎవరితోనూ అనలేదు. అనకపోయినా ఇంట్లో అందరికీ తెలుసు.

నూరుల్లా మంచం అంచున కూచుని, "మామా, దానికి ఈడ బాగుంటే ఈడనే ఉండనీ. లేకుంటే తీస్కపోతా. ఇంట్లోది కొత్త మనిషి. బిడ్డను ఎట్ల చూస్తాదో నేను చెప్పలేను," అన్నాడు.

మామ ఆయన పక్కకు జరిగి, భుజం మీది తువాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పి, దాని కింద నూరుల్లా చెయ్యి పట్టుకున్నాడు. ఎద్దుల బేరం అట్లే చేస్తారు. ధర నోటితో చెప్పరు, గుడ్డ కింద వేళ్ళు పట్టి చెబుతారు.

"ఏమయ్యా," అంది అత్త. "అది ఆడబిడ్డ, దూడ గాదు. తియ్ ఆ గుడ్డ."

మామ ఉలిక్కిపడి తువాలు లాగేశాడు. "అలవాటుప్పా," అని నవ్వాడు. నూరుల్లా కూడా నవ్వాడు. చెయ్యి మాత్రం వదల్లేదు మామ.

"దీపావళి అమాస వాయిదా, నూరుల్లా. ఆ దినం రా. కుదిరిందా, మా బిడ్డ. కుదరలేదా, నీ ఎంట పంపిస్తా. నువ్వు బాధపడేది లేదు, మేము బాధపడేది లేదు."

"మధ్యలో ఒకసారి వచ్చి చూసిపోవద్దా?"

"రావద్దు. పాత ఆసామి మొగం కనపడితే ఏ జీవమూ మేత ముట్టదు."

పోయేటప్పుడు కూడా అదే పద్ధతి. ఎద్దు మేత తొట్టిలో మూతి పెట్టినప్పుడు అమ్మినవాడు వెనకనుంచి వెళ్ళిపోవాలి. అత్త షాహీదా చెయ్యి పట్టుకుని, "దా, చేపల్ని చూపిస్తా. మీసాలుండాయి వాటికి, మీ తాతకున్నట్ల," అని తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. పిల్ల అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉంది. నూరుల్లా చెప్పులు చేతిలో పట్టుకుని కొట్టం గుండా బయటికి నడిచాడు. నేను పెరట్లోకి పోయాను. బస్సు హారను వినపడ్డాక వచ్చి చూస్తే పిల్ల తొట్టి దగ్గర లేదు. వీధి వాకిట్లో నిలబడి ఉంది. ఏడవలేదు. రోడ్డు మీద దుమ్ము అణిగేదాకా నిలబడి, తిరిగి లోపలికి వచ్చి, వంటింటి ముందరి గుంజ పక్కన కూచుంది.

*

చేపలు పగలంతా కంటికి కనపడేవి కావు. మేము అడుగున వేసిన కుండపెంకుల కింద దూరి ఉండేవి. ఉండి ఉండి ఒకటి బాణంలా పైకి దూసుకొచ్చి, మూతి నీళ్ళ బయటపెట్టి, గుటక వేసినట్టు శబ్దం చేసి, అంతే వేగంగా కిందికి పోయేది. కాసేపటికి రెండోది. పని చేసుకుంటూ ఉంటే ఆ గుటక శబ్దానికి నాకు ఒళ్ళు ఝల్లుమనేది.

"తప్పించుకునేదానికి చూస్తాండాయి," అన్నాడు మామ. "ఎద్దు మోకు గుంజినట్ల, అదే గుంజుడు."

ఒక తెల్లవారుజామున ఒకటి పడసాల మధ్యలో ఉంది. పేడతో అలికిన నేల మీద దుమ్ము కొట్టుకుని, మొప్పల పక్కన రెక్కలతో దేక్కుంటూ, వాకిలి వైపు తల పెట్టి ఉంది. చచ్చిందనుకున్నాం. పట్టుకోబోతే ముల్లు గుచ్చింది. మా ఆయన జమాల్ తుండుగుడ్డలో చుట్టి తొట్టిలో వేస్తే ఈదుకుంటూ పోయింది.

"చూస్తిరా, పాత ఇంటి దారి పట్టింది," అన్నాడు మామ. ఆయనకు దిగులు పట్టుకుంది. కొత్త ఎద్దు బెంగ పెట్టుకుంటే పాత కొట్టం మట్టి గుప్పెడు తెచ్చి మేత తొట్టిలో వేస్తారు, వాసనకు కుదురుకుంటుందని. ఆయన డాక్టరు ఖాళీ చేసిపోయిన ఇంటికి పోయి, పెరట్లో మట్టి తట్టెడు తెచ్చి అద్దాల తొట్టిలో గుమ్మరించాడు. నీళ్ళు మజ్జిగ చారు మాదిరి అయ్యాయి. ఆ మీదట తొట్టి నిండా మళ్ళీ నీళ్ళు పోసి, అంచుల మీద పలక చెక్క పరిచి, దాని మీద సన్నికల్లు పెట్టాడు.

"ఇంక యాడికి పోతావో పో," అన్నాడు.

షాహీదా సంగతి కూడా అట్లాగే ఉండేది. మా మధ్య కూచుని తినేది కాదు. తట్ట తీసుకుని తొట్టి దగ్గరికి పోయి, గోడ వైపు తిరిగి తినేది. తెచ్చుకున్న గుడ్డల మూటను విప్పనివ్వలేదు. దాన్నే తలకింద పెట్టుకుని పడుకునేది. ముద్దనూరు వైపు నుంచి పులివెందుల బస్సు వచ్చే వేళకు, హారను ఇంకా దూరంగా ఉండగానే లేచేది. వీధి వాకిట్లోకి పోయేది. బస్సు ఆగి, మనుషులు దిగి, బస్సు పోయేది. ఆమె వెనక్కి వచ్చి గుంజ పక్కన కూచునేది. నేను జొన్నరొట్టెలు చేస్తూ, ఆమె లేచిన ప్రతిసారీ పెనం మీద రొట్టెను మరిచిపోయేదాన్ని.

"పాప కుదరలా," అంది అత్త, మామ వినేట్టు. "దాని మనసంతా వాకిట్లో ఉండాది."

మామ లేచాడు. తొట్టి మీది చెక్క ఎత్తి, లోపలికి చూసి, మళ్ళీ మూశాడు.

చెక్క వేసిన మరుసటి దినం మధ్యాహ్నానికి చేపలు రెండూ పైనే తిరగటం మొదలుపెట్టాయి. మూతులతో చెక్కను పొడిచేవి. డబ్బా మీద వేలితో కొట్టినట్టు చప్పుడు వచ్చేది. సాయంత్రానికి ఆ చప్పుడు తగ్గింది. బురద తేరిన నీళ్ళలో చూస్తే ఒకటి పొట్ట పక్కకు తిప్పి తేలుతూ ఉంది. మొప్పలు మాత్రం కదులుతున్నాయి.

"బెంగ," అన్నాడు మామ. "ఎండు గడ్డి గూడా ముట్టకుండా ఇట్లే పడిపోతాది ఎద్దు. ఇంక అమాస దాకా ఉంచేది పాపం. జమాలూ, బిందె తే. పెన్నలో ఇడుస్తాం."

జమాల్ బిందె కోసం పెరట్లోకి పోయాడు. మామ తువాలు నడుముకు బిగిస్తూ ఉన్నాడు. అప్పుడు దబ్బున శబ్దమైంది. షాహీదా రెండు చేతులతో సన్నికల్లును తోసేసింది. అది నేలను పెచ్చు ఊడగొట్టి దొర్లింది. చెక్కను కూడా లాగి పడేసింది.

"ఓసి నీ పాసుగాల! కాలి మీద పడింటే?" అని అత్త పరుగెత్తింది.

షాహీదా మా ఎవరినీ చూడలేదు. తొట్టినే చూస్తూ ఉంది. తేలుతున్న చేప తోక ఒకసారి ఆడింది. మూతి బయటపెట్టింది. గుటక వేసింది. మరో గుటక వేసింది. ఒరిగిన ఒళ్ళు నిటారైంది. మెల్లగా, మెట్లు దిగినట్టు, పెంకుల కిందికి దిగిపోయింది. రెండోది కూడా వచ్చి గుటక వేసి పోయింది.

"గాలికి వస్తాది," అంది షాహీదా. "పోయేదానికి గాదు."

అవి మా ఇంట్లో ఆమె పలికిన మొదటి మాటలు. గొంతు బొంగురుగా ఉంది, చాలా రోజులు మాట్లాడని గొంతు.

"చేపకు గాలేందిమ్మే? నీళ్ళలో ఉండేదానికి?" అన్నాడు మామ.

"దీనికి కావల్ల."

"నీకెట్ల తెలుసు?"

"మల్ల కిందికే పోతాంది గదా."

మామ అక్కడే గొంతుకూచున్నాడు. జమాల్ బిందె తెచ్చి పక్కన పెట్టి, కాసేపు నిలబడి, పోయి స్నానం చేసి వచ్చాడు. మామ ఇంకా అట్లాగే కూచుని ఉన్నాడు. పైకి వచ్చినప్పుడు కాదు, కిందికి పోయాక అవి ఎక్కడ ఆగుతున్నాయో చూస్తున్నాడు. ప్రతిసారీ అదే పెంకు కిందికి పోతున్నాయి.

"అయ్యో నా బుద్ధి," అన్నాడు చివరికి. "కుదిరిన జీవాల్ని పీక నులిమినా గదప్పా."

"మరి నేల మీద దేకింది?" అంది అత్త.

"నీళ్ళు నిండా పోస్తే పొర్లి పడిండాది. మనమే పోస్తిమి."

తొట్టిలో నీళ్ళు జానెడు తగ్గించి, ఎద్దు మూతికి కట్టే చిక్కాలు రెండు విప్పదీసి, వల మాదిరి తొట్టి మీద కట్టాడు. గాలి ఆడుతుంది, చేప పడిపోదు. ఆ రాత్రే అవి శెనగచెక్క తిన్నాయి. అవి మా ఇంట్లో మరుసటేటి వానల దాకా బతికాయి. తొట్టికి పట్టనంత పెరిగాక, పెన్నకు నీళ్ళు వచ్చినప్పుడు మామ తీసుకుపోయి వదిలి వచ్చాడు.

*

ఆ మాట నా మనసును పట్టుకుంది. మల్ల కిందికే పోతాంది గదా.

రెండు మూడు దినాలు నేను పిల్లను చూశాను. వాకిట్లోకి పోయేటప్పుడు చూడలేదు, తిరిగి వచ్చాక చూశాను. ప్రతిసారీ వంటింటి దగ్గరికే వచ్చేది. నేను పెరట్లో ఉన్నా, పొయ్యి దగ్గర ఉన్నా, ఆ గుంజ పక్కకే వచ్చి కూచునేది. కొట్టంలోకి పోవచ్చు, అత్త మంచం దగ్గరికి పోవచ్చు. పోలేదు.

ఆదివారం నాడు అందరూ ఉన్నప్పుడు అన్నాను. "అత్తా, పాప బస్సు వచ్చినప్పుడు పోతాది, నిజమే. మల్ల లోపలికే వస్తాంది గదా."

అత్త వక్క కొరకటం ఆపి నా వైపు చూసింది.

"చేపకూ బిడ్డకూ పోలికనా?" అంది.

"మామ ఎద్దుకూ చేపకూ చెప్పలేదా?"

మామ ఫక్కుమని నవ్వాడు. "మా కోడలు లాయరు చదువు చదివిందప్పా. పొట్లం కాయితాలు చదివి చదివి ప్లీడరైపాయ," అన్నాడు. బెల్లం, చింతపండు కట్టిన కాగితాలు కూడబలుక్కుని చదివే అలవాటు నాకు ఉండేది.

జమాల్ శెనక్కాయల మిల్లు నుంచి వచ్చి, ఒంటి మీది దుమ్ము కూడా దులుపుకోకుండా తింటున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు. "నీకోసం వస్తాందా, గుంజ కోసం వస్తాందా?"

నేను ఇంకో రొట్టె ఆయన తట్టలో వేశాను.

మరుసటి దినం నుంచి మామ కొట్టంలో మంచం వేసుకుని, అక్కడి నుంచి పిల్లను చూశాడు. సంతకు కూడా పోలేదు. ఎవరో రైతు ఎద్దును చూడమని వస్తే, "ఇప్పుడు గాదప్పా, పని మీదుండా," అని పంపేశాడు. పిల్ల పోవటం, నిలబడటం, రావటం. చూసి చూసి, దీపావళి ముందునాటి సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ నాతో అన్నాడు. "కుదిరిందమ్మే హఫీజా. నువ్వు చెప్పిందే నిజం. నూరుల్లాకు చెప్తా."

నా చేతిలో చెంబు ఇంకా సగం నిండి ఉంది. దాన్ని కింద పెట్టి లోపలికి పోయాను.

*

అమావాస్య నాడు మధ్యాహ్నం బస్సుకు నూరుల్లా వచ్చాడు. షాహీదా ఎప్పటిలాగే హారనుకు లేచి వాకిట్లోకి పోయింది. నేనూ వెనకే పోయాను. బస్సు పైనుంచి ఒక పరుపు చుట్ట దించుతున్నారు. నూరుల్లా దాన్ని నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. షాహీదా పరుగెత్తలేదు. ఆయన లోపలికి రావటానికి పక్కకు జరిగి దారి ఇచ్చింది.

ఆయన పడసాలలో చుట్ట దించి, తాడు విప్పి పరిచాడు. చిన్న పరుపు. ఆరేళ్ళ పిల్లకు సరిపోయేంత, ఇంకొంచెం పెరిగినా పట్టేంత. నీలం చారల కొత్త గుడ్డ. బూరుగుదూది పొంగి ఉంది. కుట్టు ఎంత దగ్గరగా ఉందంటే అది అమ్మకానికి కుట్టింది కాదని నాకు కూడా తెలిసింది.

షాహీదా వంగి అంచు కుట్టును వేలితో తడిమింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా.

"ఇది నాకా నాయనా?"

"నీకే."

"ఆడికా, ఈడికా?"

నూరుల్లా కనుబొమలు తుడుచుకుని మా మామ వైపు చూశాడు. మామ నా వైపు చూశాడు. నేను పిల్ల చేతిని చూస్తున్నాను. అది కుట్టు చివర ఆగిపోయి ఉంది.

"ఈడికి," అన్నాడు మామ. "కుదిరింది నూరుల్లా. అమాస దాకా చూసినా. ఇంక మా బిడ్డ."

"అల్లా దయ," అన్నాడు నూరుల్లా. ఆయనకు నిజంగానే భారం దిగినట్టయింది. భుజాలు వాలిపోయాయి. అత్త పాయసం పెట్టింది. చేపల సంగతి, సన్నికల్లు సంగతి మామ పొడుగ్గా చెప్పాడు. నూరుల్లా తొట్టి దగ్గరికి పోయి చూసి, "బలే కనిపెట్టింది," అన్నాడు. "రంజాన్ దాకా రావద్దులే. కుదిరిన కొత్తలో కనపడగూడదు," అని మామ అన్నప్పుడు, "అట్లనే మామా," అన్నాడు.

ఈసారి ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని పోలేదు. తొడుక్కునే పోయాడు. షాహీదా వాకిలి దాకా వెంట పోయింది. పెరట్లోకి పోదామని లేచాను గాని పోలేదు. గడప లోపల నిలబడ్డాను. ఆయన పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నాడు. పిల్ల తలాడించింది. బస్సు వచ్చింది, పోయింది. దుమ్ము అణిగింది.

ఆమె ఇప్పుడు తిరిగి వస్తుందని నేను వంటింటి వైపు నాలుగడుగులు వేశాను. రాలేదు. మెట్టు మీద కూచుంది.

పొద్దు వాలింది. ఎదురింటి శెట్టిగారి పెండ్లాం నాగేంద్రమ్మ వాకిట్లో దీపాలు పెట్టి, పిల్లలకు కాకరపువ్వొత్తులు పంచింది. "రామ్మే సాయబు మనవరాలా, నీకూ ఇస్తా," అని పిలిచింది. షాహీదా కదలకపోతే రోడ్డు దాటి వచ్చి, వెలిగించిన ఒత్తి ఒకటి చేతికి ఇచ్చింది. అది చివరిదాకా కాలింది. షాహీదా దాన్ని ఆడించలేదు, పడేయలేదు. కాలి ఆరిపోయాక తీగను పక్కన పెట్టింది.

మరుసటి దినం నుంచి ఆమె బస్సుకు లేవలేదు. హారను మా గోడకు తగిలినంత దగ్గరగా మోగినా, చేస్తున్న పని చేసుకుంటూనే ఉండేది. మూట తానే విప్పి గుడ్డలు దండెం మీద వేసింది. "ఇప్పుడు బాగా కుదిరింది," అని అత్త ఇరుగుపొరుగుకు చెప్పుకుంది. ఆమె మా ఇంట్లోనే పెరిగింది. మంచి పిల్ల. నాతో ఎప్పుడూ ఎదురు మాట్లాడలేదు. పెళ్ళయి చక్రాయపేటకు పోయేముందు ఒకసారి, అప్పుడు వాకిట్లోకి ఎందుకు పోయేదానివి అని అడిగాను. "నాకేం గుర్తుంటాది?" అంది నవ్వుతూ. నాకు తొట్టి మీద మామ పరిచిన చెక్క గుర్తొచ్చింది.

ఆ దీపావళి సాయంత్రం మాత్రం చీకటి పడ్డాక తానే లేచి లోపలికి వచ్చింది. మేము అన్నాలకు కూచుంటున్నాం. ఆమె తట్ట తీసుకుని గోడ దగ్గరికి పోలేదు. మామకూ జమాల్‌కూ మధ్య సందు ఉంటే అక్కడ కూచుని, తట్ట ముందు పెట్టుకుంది. నేను అన్నం పెట్టాను, పప్పు వేశాను. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె కలుపుకుని ఒక ముద్ద తిన్నది. ఆగింది.

అప్పటిదాకా నన్ను ఆమె ఏమనీ పిలవలేదు. చిన్నమ్మా అని కూడా పిలవలేదు.

"అమ్మా," అంది తట్టలోకి చూస్తూ, "ఉప్పు తక్కువైంది."

మామ తువాలుతో మొహం ఒత్తుకున్నాడు. అత్త, "నా తల్లే, నా తల్లే," అంది. నేను లేచి ఉప్పుజాడీ తెచ్చి, చిటికెడు తీసి ఆమె అన్నం పక్కన పెట్టాను.

"చాలా?" అన్నాను.

"చాలు," అంది.